డిస్ప్యూట్ రిజల్యూషన్‌లో మాస్టర్స్: కాలేజీ ర్యాంక్ కాదు.. ముందు ఈ ప్రశ్నలకి జవాబు వెతకండి

అన్నదమ్ముల స్థలం తగాదా, బిల్డర్‌తో ఫ్లాట్ పేచీ, భార్యాభర్తల కేసు, రోడ్డు వేసిన కాంట్రాక్టర్‌కి ఏళ్ల తరబడి రాని బిల్లు.. ఇలాంటి గొడవలని కోర్టు తీర్పు దాకా వెళ్లకుండా తేల్చడం నేర్పే చదువు ఒకటి ఉంది. దాని పేరే డిస్ప్యూట్ రిజల్యూషన్. ఒకప్పుడు ఊళ్లో రచ్చబండ దగ్గర పెద్దమనుషులు చేసిన పనే ఇది. ఇప్పుడు దీనికి మాస్టర్స్ డిగ్రీలు వచ్చాయి. అమెరికా, లండన్, సింగపూర్, జెనీవా.. ఎక్కడ చూసినా కోర్సులే.

చిక్కు ఏంటంటే, కోర్సుల పేర్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. బయటికొచ్చాక దొరికే పని మాత్రం ఒకటి కాదు. లక్షల్లో ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని చేరాక ఆ తేడా తెలిస్తే వెనక్కి రావడం కష్టం. అందుకే అప్లికేషన్ ఫీజు కట్టే ముందే తేల్చుకోవాల్సిన సంగతులు ఇక్కడ ఇస్తున్నాం.

మీకు లా డిగ్రీ ఉందా, లేదా?

మొదటి ప్రశ్న ఇదే. యూనివర్సిటీ పేరు ఆ తర్వాత.

అమెరికా కాలిఫోర్నియాలోని పెప్పర్‌డైన్ యూనివర్సిటీనే తీసుకోండి. అక్కడి లా స్కూల్‌లో స్ట్రాస్ ఇనిస్టిట్యూట్ ఫర్ డిస్ప్యూట్ రిజల్యూషన్ ఉంది. 1986లో మొదలైంది. ఈ సబ్జెక్ట్‌లో అమెరికా ర్యాంకింగ్స్‌లో చాలా ఏళ్లు ఫస్ట్ ప్లేస్ దానిదే. అక్కడి మాస్టర్స్ కోర్సుల్లో రెండిటిని చూడండి. ఒకటి ఎల్‌ఎల్‌ఎం ఇన్ డిస్ప్యూట్ రిజల్యూషన్. ఇది లా చదివినవాళ్లకి. రెండోది మాస్టర్ ఆఫ్ డిస్ప్యూట్ రిజల్యూషన్, షార్ట్‌గా ఎండీఆర్. ఇందులో లా డిగ్రీ లేనివాళ్లు కూడా చేరొచ్చు. హెచ్ఆర్ వాళ్లు, టీచర్లు, సోషల్ వర్కర్లు, ఇంజినీర్లు ఎవరైనా సరే.

బిల్డింగ్ ఒకటే, చాలా క్లాసులు కూడా కలిపే ఉంటాయి. కానీ ఎండీఆర్ చేసినంత మాత్రాన ఎవరూ లాయర్ అయిపోరు. బార్ ఎగ్జామ్ రాసే అర్హత దాంతో రాదు. ఎల్‌ఎల్‌ఎం చేసినవాళ్లకి మాత్రం కొన్ని రాష్ట్రాల్లో ఆ దారి తెరుచుకుంటుంది.

ఉదాహరణకి న్యూయార్క్ బార్. మన ఎల్‌ఎల్‌బీ ఉన్నవాళ్లు అక్కడ ఎల్‌ఎల్‌ఎంతో ఎగ్జామ్ రాయాలనుకుంటే కనీసం 24 క్రెడిట్లు కావాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది ఏంటంటే, ఆ 24లో 12 క్రెడిట్లు ఎలా వాడాలో బార్ రూల్సే చెప్పేస్తాయి. లాయర్ల వృత్తి నియమాల మీద 2, లీగల్ రైటింగ్ అండ్ రీసెర్చ్ మీద 2, అమెరికా న్యాయవ్యవస్థ పరిచయానికి 2, బార్ ఎగ్జామ్‌లో వచ్చే సబ్జెక్టులకి 6. అంటే నెగోషియేషన్, మీడియేషన్ నేర్చుకోవడానికని వెళ్లి సగం క్రెడిట్లు వేరేవాటికి ఇచ్చేయాల్సి వస్తుంది. రెండూ ఒకేసారి కావాలంటే ఎలా సర్దాలో అడ్మిషన్స్ ఆఫీస్‌ని ముందే అడగాలి. చేరక ముందే బార్ ఎగ్జామ్ బోర్డుకి మన డిగ్రీ పేపర్లు పంపి, అర్హత ఉందో లేదో తేల్చుకోవడం ఇంకా మంచిది. ఆన్‌లైన్‌లో చేసిన ఎల్‌ఎల్‌ఎం ఈ లెక్కలోకి రాదు.

ఈ సబ్జెక్ట్‌లో ఎల్‌ఎల్‌ఎంకి పేరున్న ఇంకో చోటు యూనివర్సిటీ ఆఫ్ మిస్సోరి. కొలంబియా అనే ఊళ్లో ఉంటుంది. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీతో కలిపేసుకోకండి, వెతికేటప్పుడు ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. న్యూయార్క్ సిటీలోనే ఉండాలనుకునే లా గ్రాడ్యుయేట్లకి కార్డోజో లా స్కూల్‌లో డిస్ప్యూట్ రిజల్యూషన్ అండ్ అడ్వకసీ ఎల్‌ఎల్‌ఎం ఉంది.

లా డిగ్రీ లేనివాళ్లకి దారులు వేరే. న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో ఎంఎస్ ఇన్ నెగోషియేషన్ అండ్ కాన్‌ఫ్లిక్ట్ రిజల్యూషన్ ఉంది. అది లా స్కూల్‌లో కాదు, స్కూల్ ఆఫ్ ప్రొఫెషనల్ స్టడీస్‌లో నడుస్తుంది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్‌లో సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ఎంఏ ఇస్తోంది. అది సిమన్స్ స్కూల్ ఆఫ్ ఎడ్యుకేషన్ కింద ఉంటుంది. వాషింగ్టన్ డీసీ పక్కన వర్జీనియాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీకి పీస్ అండ్ కాన్‌ఫ్లిక్ట్ రిజల్యూషన్ కోసమే విడిగా కార్టర్ స్కూల్ ఉంది. కోర్సు ఏ స్కూల్ కింద ఉందో చూడటం చిన్న విషయం కాదు. మీ క్లాస్‌మేట్స్ ఎవరు, ప్రొఫెసర్లు ఎక్కడి నుంచి వస్తారు, ప్లేస్‌మెంట్ ఆఫీస్‌కి ఎవరితో పరిచయాలున్నాయి అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

ఆర్బిట్రేషనా, మీడియేషనా?

తెలుగులో రెండిటికీ మధ్యవర్తిత్వం అనే రాసేస్తున్నాం. మా న్యూస్ స్క్రోలింగ్‌లో కూడా చాలాసార్లు అదే మాట వెళ్తుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ ఇవి రెండూ పూర్తిగా వేరు వేరు వృత్తులు.

ఆర్బిట్రేటర్ ప్రైవేటు జడ్జి లాంటివాడు. రెండు పక్షాలు ఒప్పుకుని నియమించుకుంటాయి, ఆయన విని తీర్పు చెప్తాడు. దాన్ని అవార్డ్ అంటారు, దానికి రెండు పక్షాలూ కట్టుబడాలి. మీడియేటర్ తీర్పు చెప్పడు. ఇద్దరినీ కూర్చోబెట్టి, అవసరమైతే విడివిడిగా మాట్లాడి, రాజీ కుదిరేలా చూస్తాడు. కుదరకపోతే ఎవరి దారి వాళ్లదే. మొదటిదానికి చట్టం, సాక్ష్యాలు, కాంట్రాక్ట్ క్లాజులు నోటికి రావాలి. రెండోదానికి అవతలి మనిషి నోటితో చెప్పనిది పట్టుకోవడం రావాలి.

విదేశాల్లో ఇంటర్నేషనల్ డిస్ప్యూట్ రిజల్యూషన్ అని పేరున్న ఎల్‌ఎల్‌ఎంలు చాలావరకు ఆర్బిట్రేషన్ కోర్సులే. లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీలో 1985 నుంచి స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ ఉంది. అక్కడి కంపారెటివ్ అండ్ ఇంటర్నేషనల్ డిస్ప్యూట్ రిజల్యూషన్ ఎల్‌ఎల్‌ఎంకి ఆర్బిట్రేషన్ ఫర్మ్స్‌లో మంచి పేరుంది. కింగ్స్ కాలేజ్ లండన్‌లోనూ ఇలాంటి కోర్సే ఉంది. జెనీవాలో రెండు సంస్థలు కలిసి నడిపే ఎంఐడీఎస్, స్టాక్‌హోమ్ యూనివర్సిటీ ఏడాది కోర్సు, నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్ ఎల్‌ఎల్‌ఎం, హాంకాంగ్ యూనివర్సిటీ ఎల్‌ఎల్‌ఎం.. ఇవన్నీ ఆ కోవకే చెందుతాయి. కంపెనీల మధ్య, దేశాల మధ్య వచ్చే పెద్ద వివాదాల మీద పని చేయాలనుకునేవాళ్లకి సరిపోతాయి. కుటుంబ తగాదాలు, కాలనీ గొడవలు, ఆఫీస్ గొడవలు సర్దడం మీ లక్ష్యమైతే అక్కడ మీకు పనికొచ్చేది తక్కువే.

సింగపూర్ గురించి ఒక మాట. మన దేశ కంపెనీలు తమ కాంట్రాక్టుల్లో గొడవ వస్తే సింగపూర్ ఆర్బిట్రేషన్ సెంటర్‌కి వెళ్తామని రాసుకోవడం మామూలే. హైదరాబాద్‌లో ఉండి కార్పొరేట్ ఆర్బిట్రేషన్ చేయాలనుకునే యువ లాయర్‌కి అక్కడ ఏర్పడే పరిచయాలు లండన్ పరిచయాల కంటే దగ్గర్లో ఉపయోగపడతాయి. ఇది మా అభిప్రాయం. ఫర్మ్స్‌లో పని చేసే సీనియర్లని అడిగి చూడండి.

మూడో కొమ్మ కూడా ఉంది. దేశాల మధ్య, జాతుల మధ్య ఘర్షణల మీద పని చేసే పీస్ స్టడీస్. స్వీడన్ ఉప్సాల, ఇంగ్లండ్ బ్రాడ్‌ఫర్డ్ దీనికి ప్రసిద్ధి. ఇక్కడ చదివినవాళ్లు ఎక్కువగా ఐక్యరాజ్యసమితి, ఎన్‌జీవోల వైపు వెళ్తారు. కోర్టు కేసులతో సంబంధం తక్కువ.

అమెరికా అయితే ఓపీటీ లెక్క చూసుకోండి

ఇక్కడే చాలామంది దెబ్బ తినే అవకాశం ఉంది.

మన ఇళ్లల్లో అమెరికా మాస్టర్స్ అంటే మూడేళ్లు పని చేసుకోవచ్చు, లోన్ తీర్చేయొచ్చు అన్న లెక్క పాతుకుపోయింది. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి 12 నెలల ఓపీటీ మీద మరో 24 నెలల స్టెమ్ ఎక్స్‌టెన్షన్ వస్తుంది కాబట్టి ఆ లెక్క సరిపోయింది. డిస్ప్యూట్ రిజల్యూషన్, లా కోర్సులు మామూలుగా స్టెమ్ కిందికి రావు. అంటే మీకు దొరికేది 12 నెలలే. అందులో 90 రోజులకి మించి పని లేకుండా ఉంటే వీసా స్టేటస్‌కే ముప్పు. కోర్సుకి ఇచ్చే సీఐపీ కోడ్ ఏంటో యూనివర్సిటీని అడగండి. అది ఐ-20 మీద కూడా ఉంటుంది. దాన్ని అమెరికా ప్రభుత్వం స్టెమ్ లిస్ట్‌తో పోల్చి చూడటం అయిదు నిమిషాల పని.

ఇంకోటి. అమెరికాలో కమ్యూనిటీ మీడియేషన్ సెంటర్లలో పని చేసేవాళ్లలో వాలంటీర్లు చాలామంది ఉంటారు. జీతం ఉండదు. మొదటి ఏడాది ఓపీటీలో వారానికి 20 గంటలైనా చేస్తే జీతం లేని పని కూడా లెక్కలోకి వస్తుంది, అనుభవమూ వస్తుంది. ఈఎంఐ మాత్రం కట్టలేరు. ఇంట్లో ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది.

మొత్తం ఆన్‌లైన్ కోర్సు తీసుకుంటే ఎఫ్-1 వీసా ఉండదు, ఓపీటీ ఉండదు. ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ మాత్రం కావాలనుకునేవాళ్లకి అది సరే. అమెరికా వెళ్లడమే ఉద్దేశమైతే కాదు.

బ్రిటన్‌లో కోర్సు ఏడాదే. తర్వాత గ్రాడ్యుయేట్ రూట్ వీసా రెండేళ్లు. అయితే 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి అది 18 నెలలే. 2024 జనవరి నుంచి మొదలైన కోర్సుల్లో క్లాసులతో నడిచే మాస్టర్స్ స్టూడెంట్స్ భార్యనో భర్తనో పిల్లలనో డిపెండెంట్‌గా తీసుకెళ్లడం కుదరదు. పెళ్లయినవాళ్లు ఇది మర్చిపోవద్దు.

నిజం కేసు చేతికిస్తారా?

ర్యాంకుల కంటే ఇదే పెద్ద తేడా చూపిస్తుందని మా అంచనా.

మీడియేషన్ పుస్తకం చదివితే వచ్చేది కాదు. రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో రాసిన గెటింగ్ టు యెస్ పుస్తకం దాదాపు ప్రతి కోర్సులోనూ ఉంటుంది. దాన్ని ఇంట్లో కూర్చుని కూడా చదువుకోవచ్చు. వాళ్లతో ముడిపడిన హార్వర్డ్ ప్రోగ్రామ్ ఆన్ నెగోషియేషన్ 1983 నుంచి ఉంది కానీ అది డిగ్రీ ఇవ్వదు. షార్ట్ కోర్సులు, ట్రైనింగ్‌లు ఇస్తుంది. హార్వర్డ్ పేరు చూసి అది మాస్టర్స్ అనుకుంటే పొరపాటు.

డబ్బు పోసి డిగ్రీకి వెళ్లేది ఎందుకంటే, నిజమైన ఇద్దరు మనుషులు కోపంతో ఎదురుబొదురు కూర్చున్న టేబుల్ దగ్గర మీరు మూడో కుర్చీలో కూర్చోవడానికి. దాన్నే క్లినిక్ అంటారు. పెప్పర్‌డైన్ మీడియేషన్ క్లినిక్ స్టూడెంట్స్ లాస్ ఏంజెలెస్ కోర్టుల్లో చిన్న మొత్తాల కేసుల్లో మీడియేషన్ చేస్తారు. ఇలాంటిది మీరు చూస్తున్న యూనివర్సిటీలో ఉందా అన్నది వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మీకు సీటు దొరుకుతుందా అన్నది మాత్రం దొరకదు. కొన్ని క్లినిక్‌లలో ముందు ప్రాధాన్యం అక్కడి మూడేళ్ల జేడీ స్టూడెంట్స్‌కి ఉంటుంది. అందుకే ఈమెయిల్‌లో సూటిగా అడగండి. పోయిన ఏడాది ఎంతమంది విదేశీ మాస్టర్స్ స్టూడెంట్స్‌కి క్లినిక్‌లో చోటిచ్చారు? ఒక్కొక్కరు ఎన్ని కేసుల్లో కూర్చున్నారు? పక్కన సూపర్‌వైజర్ ఉండి తర్వాత తప్పొప్పులు చెప్తారా? జవాబు గుండ్రంగా వస్తే అర్థం చేసుకోవచ్చు. ఇండియాకి తిరిగొచ్చిన ఒకరిద్దరు పాత స్టూడెంట్స్‌తో మాట్లాడించమని కూడా అడగండి.

ఆ రాష్ట్రంలో మీడియేటర్‌గా పని చేయడానికి కావాల్సిన ట్రైనింగ్ గంటలు కోర్సులోనే పూర్తవుతాయా అన్నది కూడా అడగాలి. ఉదాహరణకి టెక్సాస్‌లో కోర్టు నియమించే మీడియేటర్‌కి చట్టం 40 గంటల ట్రైనింగ్ అడుగుతుంది. పిల్లల కస్టడీ లాంటి కేసులకి ఇంకో 24 గంటలు. గమనించారా? అక్కడ చట్టం అడుగుతున్నది ట్రైనింగ్ గంటలే, మాస్టర్స్ డిగ్రీ కాదు.

తిరిగొస్తే ఇక్కడ ఏముంది?

ఇక్కడా అంతే. సుప్రీంకోర్టు మీడియేషన్ కమిటీ పద్ధతిలో కోర్టు మీడియేటర్ కావాలంటే 40 గంటల ట్రైనింగ్ కావాలి. విదేశీ మాస్టర్స్ ఉందని నేరుగా ప్యానెల్‌లో పేరు చేర్చరు. ఈ నిజం తెలిసి వెళ్లడం వేరు, వచ్చాక తెలియడం వేరు.

అలాగని పని లేదని కాదు, పెరుగుతోంది. 3 లక్షలు, అంతకు మించిన కమర్షియల్ వివాదంలో అర్జెంట్ ఆర్డర్ అవసరం లేకపోతే, కేసు వేసే ముందు మీడియేషన్‌కి వెళ్లి తీరాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2023లో మీడియేషన్ చట్టం వచ్చింది. మీడియేషన్‌ని 120 రోజుల్లో ముగించాలని, ఇద్దరూ ఒప్పుకుంటే మరో 60 రోజులు పొడిగించొచ్చని అందులో ఉంది. మీడియేటర్ల రిజిస్ట్రేషన్, ట్రైనింగ్ ప్రమాణాల పనిని ఆ చట్టం మీడియేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి అప్పగించింది. షేర్ మార్కెట్ ఇన్వెస్టర్ల ఫిర్యాదుల కోసం సెబీ 2023లోనే స్మార్ట్ ఓడీఆర్ పోర్టల్ తెచ్చింది. అంటే ఆన్‌లైన్‌లోనే రాజీ, ఆన్‌లైన్‌లోనే ఆర్బిట్రేషన్.

ఆర్బిట్రేషన్ వైపు వెళ్లేవాళ్లు 2024 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన గైడ్‌లైన్స్ చదవాలి. ప్రభుత్వ కొనుగోళ్ల కాంట్రాక్టుల్లో ఆర్బిట్రేషన్ క్లాజ్‌ని మామూలుగా 10 కోట్లలోపు వివాదాలకే పరిమితం చేయమని, మీడియేషన్‌ని ప్రోత్సహించమని అందులో ఉంది. రోడ్లు, ప్రాజెక్టులు, కాంట్రాక్టర్ల బిల్లుల మీద ఆధారపడిన ఆర్బిట్రేషన్ ప్రాక్టీస్‌కి ఇది చిన్న మార్పు కాదు.

హైదరాబాద్‌కి ఇందులో సొంత చోటు ఉంది. అప్పటి చీఫ్ జస్టిస్ ఎన్వీ రమణ చొరవతో 2021 డిసెంబర్‌లో ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ అండ్ మీడియేషన్ సెంటర్ నానక్‌రామ్‌గూడలో మొదలైంది. లక్షలు పెట్టి విదేశాలకి వెళ్లే ముందు ఇలాంటి చోట ఇంటర్న్‌షిప్ దొరుకుతుందేమో ప్రయత్నించండి. ఈ పని మీ వల్ల అవుతుందో లేదో అక్కడ తెలుస్తుంది. అదీ కుదరకపోతే జిల్లా కోర్టులో లోక్ అదాలత్ జరిగే రోజు వెళ్లి ఒక పూట కూర్చోండి. రూపాయి ఖర్చు లేదు.

చదువు కూడా ఇక్కడే మొదలుపెట్టొచ్చు. శామీర్‌పేటలోని నల్సార్ దూరవిద్యలో ఆల్టర్నేటివ్ డిస్ప్యూట్ రిజల్యూషన్ పీజీ డిప్లొమా ఇస్తోంది. ఫ్యామిలీ డిస్ప్యూట్స్ మీద విడిగా ఇంకో డిప్లొమా కూడా ఉంది. ఢిల్లీలో ఇండియన్ లా ఇనిస్టిట్యూట్ కూడా ఇలాంటి డిప్లొమా నడుపుతోంది. ఇవి మాస్టర్స్ కావు. ఉద్యోగం మానకుండా సబ్జెక్ట్ రుచి చూడటానికి మాత్రం చాలు. లా గ్రాడ్యుయేట్లయితే క్లాట్ పీజీతో నల్సార్‌లోనో, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలోనో, పీజీఎల్‌సెట్‌తో రాష్ట్ర యూనివర్సిటీల్లోనో ఎల్‌ఎల్‌ఎం చేయొచ్చు.

లా కాలేజీ లెక్చరర్ కావాలనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. బార్ కౌన్సిల్ 2020 పీజీ రూల్స్ విదేశాల్లో ఏడాదిలో చేసిన ఎల్‌ఎల్‌ఎంకి నేరుగా సమాన హోదా ఇవ్వలేదు, షరతులు పెట్టాయి. ఆ రూల్స్ మీద సుప్రీంకోర్టుకి పిటిషన్లు కూడా వెళ్లాయి. టీచింగే మీ లక్ష్యమైతే ఇక్కడి ఎల్‌ఎల్‌ఎం సేఫ్.

ఫీజు సంగతి

బ్రిటన్ వెళ్లేవాళ్లకి చీవెనింగ్ స్కాలర్‌షిప్ ఉంది. రెండేళ్ల పని అనుభవం అడుగుతారు. పీస్ స్టడీస్ వైపు వెళ్లేవాళ్లు రోటరీ పీస్ ఫెలోషిప్ తప్పకుండా చూడాలి. ఉప్సాల, బ్రాడ్‌ఫర్డ్ లాంటి చోట్ల మాస్టర్స్ ఖర్చు మొత్తం వాళ్లే పెట్టుకుంటారు. మూడేళ్ల అనుభవం కావాలి. రోటరీ క్లబ్‌లో సభ్యులైనవాళ్లకి ఇది ఇవ్వరు. రాష్ట్ర ప్రభుత్వాల విదేశీ విద్య పథకాల్లో అర్హత ఉన్న సబ్జెక్టుల లిస్ట్ ఉంటుంది. మీ కోర్సు పేరు ఆ లిస్ట్‌లోకి వస్తుందా అని సంక్షేమ శాఖ ఆఫీస్‌లో అడిగాకే దాని మీద ఆశ పెట్టుకోండి. ఎల్‌ఎల్‌ఎం, ఎండీఆర్, ఎంఎస్, ఎంఏ.. పేరు మారితే అర్హత కూడా మారిపోవచ్చు.

మూడేళ్ల డిగ్రీ మాత్రమే ఉన్నవాళ్లని కొన్ని అమెరికా యూనివర్సిటీలు నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా తీసుకోవు. బీకాం, బీఏ చేసి ఎండీఆర్ లాంటి కోర్సుకి చూస్తున్నవాళ్లు అప్లికేషన్ ఫీజు కట్టకముందే ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. స్కాలర్‌షిప్ డెడ్‌లైన్ మామూలుగా అడ్మిషన్ డెడ్‌లైన్ కంటే ముందే అయిపోతుంది. ఆగస్టులో చేరాలంటే అంతకుముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబర్ నుంచే పని మొదలుపెట్టాలి.